వైకీకీ చిన్న యలలు

పసిఫిక్ మహాసముద్రమధ్యమందలి హవాయి దీవులలో ఓఆహు యనునది యొకటి. అందలి హోనోలులు నగరమున వైకీకీ యను తీరము గలదు. తూర్పున చల్లారిన యగ్నిపర్వతమగు డైమండ్ హెడ్ కావలియున్నట్లు నిలిచియుండును. ఒడ్డునకు దూరముగా నీటియడుగున పగడపుదిబ్బలు పరచియుండుటచే తరంగములు వానిపై విరిగి, బలముడిగి, చాలదూరము మెల్లగా దొరలుచు వచ్చును. వేసవియందు దక్షిణమునుండి పెద్దయలలు వచ్చునుగాని, మేము పోయినది జనవరి మాసము. మోకాలియెత్తు అలలే యెక్కువ.

అట్టి యలలపై బల్లమీద నిలువబడి యొడ్డునకు వచ్చుట యచటివారి ప్రాచీనవిద్య. మన తీరమున జాలరులు తెప్పలపై నలలను దాటినది పొట్టకొరకు. అచట నది వేడుక. సోదరీమణులు గమనింపదగిన విషయమేమన, ఈ క్రీడ పురుషులకే పరిమితమై యుండలేదు. రాణులును సామాన్యస్త్రీలును గూడ నాడిరి. అచటి బిషప్ మ్యూజియమందు కయియులానీ రాకుమారి (1875–1899) బల్ల భద్రపరుపబడియున్నది. కోవా కఱ్ఱతో జేసిన పలుచని బల్ల; ఏడడుగులకు కొంచెము మించును. ప్రభువులకై చేసిన ‘ఓలో’ బల్లలు పదునాలుగడుగులు దాటియుండెడివి. 1820 మొదలుగా వచ్చిన మతబోధకు లీ యాటను మెచ్చకపోవుటచేతను, అంతకంటె ముఖ్యముగా విదేశవ్యాధులచే జనము క్షీణించుటచేతను ఈ విద్య సన్నగిల్లెను. ఇరువదవ శతాబ్దారంభమున మరల తలయెత్తెను. 1912 స్టాక్‌హోం ఒలింపిక్ పందెములలో ఈతయందు బంగారుపతకము గెలిచిన డ్యూక్ కహానమోకు దానిని లోకమునకు చాటెను. ఆయన విగ్రహ మా తీరముననే యున్నది.

మా వదినగారికి ఏబదిరెండేండ్లు. గోదావరి యొడ్డున పెరిగిన యామె బాల్యమున చక్కగా నీదెడివారు. పెండ్లియైన పిదప నీట దిగి యెరుగరు. “ఈ వయస్సున నెందుకమ్మా!” యని కూతురు వారించుచుండగనే బల్లలు అద్దెకిచ్చు చోట నిలిచి, మోయుట తేలికయని ఆరడుగుల యెఱ్ఱనిబల్ల నొకదానిని పట్టుకొనిరి. నేర్పువారు డెబ్బదియేండ్లు సమీపించిన హవాయి పెద్దమనిషి. “వద్దు, ఆంటీ” యని ఆయన పదియడుగుల నీలిబల్లను దించిరి. స్త్రీలను గౌరవించి ఆంటీ యనుట అచట వాడుకయేగాని, అంతటి వృద్ధుని నోట నామాట విని వదినగారు నవ్వాపుకొనలేకపోయిరి.

ఆయన చెప్పిన కారణము మాకు నచ్చినది. చిన్నయలకు బలము తక్కువ. పొట్టిబల్ల మనుష్యభారమునకు నీట క్రుంగి బరువుగా కదలును. అది వేగమందుకొనులోపల అల క్రిందుగా దాటిపోవును. పొడవును, వెడల్పును, మందమును గల బల్ల పైకి తేలి, అల యింకను వాలుగా నుండగనే దానితో సాగిపోవును. బల్ల యడుగు చదునుగా నుండుటయు ముఖ్యము. మొన చాల వంపుతిరిగినచో అది నీటిని ముందుకు నెట్టుచు వేగము చెఱచును. నిటారు పెద్దయలలలో నా వంపు లేనిచో మొన నీట గ్రుచ్చుకొనును గనుక, అచటి బల్ల వేరు. పెద్దబల్ల త్వరగా మలుపు తిరుగదు, జారిపోయిన నితరులకు తగులును. అందుకే కాలికి త్రాటితో బంధింతురు. తోకక్రింది రెక్క 1935లో టామ్ బ్లేక్ అమర్చినది. పూర్వము కాలు నీటిలో నీడ్చి త్రిప్పెడివారట.

బోర్లపరుండునపుడు ముందుకు జరిగిన మొన మునుగును, వెనుకకు జరిగిన తోక యీడ్చుకొనిపోవును. పాదములు కాక తీరము చూడవలెను. పడినపుడు తల ముందుగా దూకరాదు, క్రింద పగడములు గలవు. వదినగారు మూడుమారులు పడిరి. నాలవమారు మోకాళ్ళపై వచ్చిరి. ఆరవమారు, మేము పది లెక్కించునంతసేపు, నిటారుగా నిలిచి వచ్చిరి. వారించిన కూతురే యొడ్డున నిలిచి గట్టిగా కేకవేసెను.

మరునాడు తెల్లవారకముందే వదినగారు మమ్మందఱను లేపి, ఆ నీలిబల్లను మఱెవ్వరైన తీసికొనిపోవుదురేమో యని తొందరపెట్టిరి.