మొత్తం సరిపోతే చాలదు

కొంచెం పెద్ద పోస్ట్, ఓపికతో చదవండి. ముఖ్యంగా ఈఈఈ తీసుకున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు.

నా ప్రాజెక్టు మల్టీలెవెల్ కన్వర్టర్. డీసీని ఏసీగా, ఏసీని డీసీగా మార్చే యంత్రం అనుకోండి. పెద్ద లైన్లలో ఉండే వోల్టేజీని ఒక్క స్విచ్ తట్టుకోలేదు. అందుకే చిన్న చిన్న మాడ్యూళ్లను వరుసగా పేరుస్తరు. ఒక్కో దాంట్లో ఒక కెపాసిటర్, రెండు స్విచ్‌లు. జర్మనీలో రైనర్ మార్క్వార్ట్ 2000ల మొదట్లో ఈ పద్ధతి చెప్పిండు. 2010లో శాన్‌ఫ్రాన్సిస్కో దగ్గర ట్రాన్స్ బే కేబుల్‌కు వాడిన్రు. మన దేశంలో 2021లో తమిళనాడు పుగళూరు నుంచి కేరళ త్రిసూర్‌కు వచ్చిన 2000 మెగావాట్ల లైన్ కూడా ఈ తరహాదే. మన రామగుండానికి లైన్ కలిసే చంద్రపూర్ దగ్గరి భద్రావతి స్టేషన్ మాత్రం పాత థైరిస్టర్ రకం.

నేను సిమ్యులేషన్‌లో 400 వోల్టుల డీసీ, ఒక్కో ఆర్మ్‌కు 4 మాడ్యూళ్లు పెట్టిన. అంటే ఒక్కో కెపాసిటర్ 100 వోల్టులు ఉండాలె. నాలుగింటి మొత్తం 400 చూపించింది, నేను ఖుషీ. రివ్యూలో సార్ ఒక్కటే అడిగిండు: "మొత్తం సరే, ఒక్కొక్కటి చూపించు." చూపిస్తే మొదటిది 130, మిగతా మూడు 90 చొప్పున! లెక్క సరిపోయింది. కానీ నిజం మిషన్ అయితే ఆ మొదటి మాడ్యూల్‌కు ముప్పే. "ఎందుకట్ల అయింది?" అన్నడు. నోరు పెగల్లేదు. ఇంగ్లిష్‌లో బట్టీపట్టిన ముక్కలేవీ పనికిరాలె. మా ఇంట్లో కాలేజీ మెట్లు ఎక్కింది నేనే మొదలు, అడుగుదామంటే ఎవరున్నరు? ఆ రాత్రి హాస్టల్లో ఈ బ్రాంచి మనలాంటోళ్లకు కాదనిపించింది.

శివరాత్రికి కురవి వీరన్న జాతరకని ఇంటికొచ్చిన. చెరువు కింద యాసంగి వరి. బాపు నీళ్లు పెడుతుంటే పక్కన నిలబడ్డ. పైమడి గట్టు దాకా నిండింది, కిందిమడి నెర్రెలు విచ్చింది. "తూముకెళ్లి నీళ్లు సరిపోనే వస్తున్నయి కద బాపూ?" అన్న. "వచ్చేది సరిపోతది బేటా. వరుస మార్చకపోతే ముందున్నోడి మడే నిండుతది. అందుకే నీరటాయన ఉండేది" అన్నడు.

నా తప్పు అక్కడ దొరికింది. నేను ప్రతిసారి ఒకటి, రెండు, మూడు, నాలుగు అని ఒకే వరుసలో మాడ్యూళ్లను కలుపుతున్న. మొదటిదే ఎక్కువ సేపు కరెంటు దారిలో ఉంటున్నది. చేయాల్సింది నీరటాయన పనే. కరెంటు నింపే దిక్కున పోతుంటే తక్కువ వోల్టేజీ ఉన్నదాన్ని ముందు కలపాలె. తీసే దిక్కున పోతుంటే ఎక్కువ ఉన్నదాన్ని ముందు కలపాలె. ఇది ఒక్క క్షణం కాదు, ప్రతి క్షణం కొలుస్తూ చేయాలె.

రెండో ముడి ఇంకోటి ఉంది. మూడు ఫేజులు, ఒక్కో దానికి పైన ఒక ఆర్మ్, కింద ఒకటి. ఫేజుల మధ్య వోల్టేజీ తేడా వల్ల లోపల్లోపలే తిరిగే కరెంటు పుడతది. బయట లోడుకు పోదు. అందులో 100 హెర్ట్జ్ భాగం ఊరికే వేడి పుట్టిస్తది. అందుకని మొత్తం సున్నా చేద్దామని చూసిన. చేస్తే సమతూకమే పోయింది. ఎందుకంటే శక్తిని మోసేది కూడా ఆ కరెంటే: డీసీ భాగం ఒక ఫేజు నుంచి ఇంకో ఫేజుకు, 50 హెర్ట్జ్ భాగం పై ఆర్మ్ నుంచి కింది ఆర్మ్‌కు. 100ను అణచాలె, మిగతా రెండింటిని కావలసినంతే ఉంచాలె. ఎంత కావాలో శక్తి లూపు నిదానంగా చెప్తది, కరెంటు లూపు వేగంగా చేస్తది. రెంటినీ ఒకే వేగంతో పెడితే కొట్లాడుకుంటయి. అదీ చేసి చూసిన.

రెండో రివ్యూలో నాలుగూ 98కి, 102కి మధ్యనే ఉన్నయి. ఎందుకని అడిగితే మడి బొమ్మ గీసి తెలుగులోనే చెప్పిన. సార్ ఆపలేదు, చివరిదాకా విన్నడు. హార్డ్‌వేర్ ఇంకా చేయాలె, అక్కడ ఏం తేలుతదో చూడాలె.

మన హాస్టళ్ల రిజల్టు కూడా మొత్తం శాతంలోనే చూస్తరు. 90 దగ్గర ఆగినోడు అందులో కనబడడు. మీ రూములో ఎవరు నోరు మెదపకుండా కూర్చుంటున్నరో ఒకసారి చూడుండ్రి. ఇదే టాపిక్ తీసుకున్నోళ్లు సిగ్గుపడకుండా అడగండి, నా సిమ్యులేషన్ ఫైల్ పంపిస్త.

జై సేవాలాల్.