అల్లుడు పంపిన బూట్లు

సైకిల్ కొనేవాళ్లు ఫ్రేము బరువెంత, గేర్లెన్ని, టైరు ఏ కంపెనీది అంటూ వంద ప్రశ్నలు అడుగుతారు. బూట్ల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఒకే ఒక్క ప్రశ్న... 'ఎనిమిదో నంబరు ఉందా?' అంతే! నిజానికి మన ఒళ్లూ సైకిలూ కలిసేది మూడే చోట్ల. చేతులు, సీటు, పాదాలు. బండిని ముందుకు నెట్టే బలమంతా పోయేది ఆ పాదాల గుండానే. అయినా వాటి మాట అడిగేవాళ్లు తక్కువ.

మాది నాచారం. యాభై రెండో ఏట షుగరు బయటపడింది. డాక్టరుగారి సలహాతో సైకిలెక్కాను. తెల్లవారుజామున ఐదింటికి బయల్దేరి ఉప్పల్ భగాయత్ లేఅవుట్ రోడ్ల మీద నాలుగు చుట్లు కొట్టి రావడం అలవాటైంది. ఆదివారమైతే మిత్రులతో కలిసి వరంగల్ రోడ్డు మీదుగా ఘట్‌కేసర్ దాకా వెళ్తాం. పడమటి వైపు వాళ్లకి 2023లో ఔటర్ రింగురోడ్డు పక్కన సోలార్ కప్పుతో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వచ్చింది. మా తూర్పు వాళ్లం మాత్రం 2002 జాతీయ క్రీడల కోసం ఉస్మానియా యూనివర్సిటీలో కట్టిన వెలోడ్రోమ్ మాకు దగ్గరేనని చెప్పుకుని మురిసిపోతుంటాం. తొక్కేది మాత్రం బస్సులూ ఆటోల మధ్యే!

రెండేళ్లు మామూలు కాన్వాసు బూట్లతోనే గడిచిపోయింది. ఈలోగా అమెరికా నుంచి మా అల్లుడు ఓ పార్సిల్ పంపాడు. విప్పితే తళతళలాడే రేసింగ్ బూట్లు, వాటికి సరిపోయే పెడల్స్. అడుగున కార్బన్ సోలు, దానికి మూడు స్క్రూలతో బిగించిన క్లీట్లు. వాటిని పెడల్ మీద నొక్కితే టక్కున పట్టేసుకుంటాయి. మడమ పక్కకి తిప్పితే వదులుతాయి. 1984లో లుక్ అనే ఫ్రెంచి కంపెనీ ఇలాంటి పెడల్స్ తెచ్చింది. మరుసటి ఏడాది బెర్నార్డ్ ఇనో వాటితోనే టూర్ డి ఫ్రాన్స్ గెలిచాడు. 'మామయ్యగారూ, ప్రొఫెషనల్స్ వేసుకునేవి ఇవే' అని ఫోన్లో అల్లుడు చెబుతుంటే నాకు ఆ ఇనోనే నేనైనట్టు అనిపించింది!

మొదటి పది కిలోమీటర్లు హాయిగానే సాగాయి. ఘట్‌కేసర్ చేరేసరికి కుడికాలి చిటికెన వేలి వైపు చీమలు పాకినట్టయింది. తిరిగొచ్చేటప్పుడు ఆ భాగం మొద్దుబారిపోయింది. ఇంటికొచ్చి బూట్లు విప్పిన పావుగంటకి మామూలైంది. మూడు ఆదివారాలూ ఇదే వరస.

మా ఆవిడ మొహం పాలిపోయింది. ఎందుకంటే వాళ్లన్నయ్యకీ షుగరే. కాల్లో మేకు దిగినా ఆయనకి తెలియలేదు. పుండు ముదిరి, చివరికి రెండు వేళ్లు తీసేయాల్సి వచ్చింది. 'మీకూ షుగరు కాళ్లకి దిగింది. రేపట్నుంచి సైకిల్ ముట్టుకుంటే ఊరుకోను' అంది కళ్లనీళ్లతో.

డాక్టరుగారు నన్ను కళ్లు మూసుకోమని, సన్నటి నైలాన్ పోగుతో అరికాలు తాకి 'తెలుస్తోందా?' అని అడిగారు. శ్రుతిదండం మోగించి బొటనవేలికి ఆనించారు. అన్నీ తెలిశాయి. 'నరాలు బాగానే ఉన్నాయి. షుగరు తిమ్మిరి సాధారణంగా రెండు పాదాలకీ వస్తుంది, రాత్రిళ్లు కూడా వేధిస్తుంది. మీకు ఒక్క కాలికే, అదీ బూట్లేసుకున్నప్పుడే వస్తోంది. ముందు బూట్ల సంగతి చూడండి. అయినా ఏడాదికోసారి ఈ పరీక్ష మానొద్దు' అన్నారు. మా ఆవిడ ఊపిరి పీల్చుకుంది.

ఆ సాయంత్రమే గోడవారన తెల్లకాగితం పరిచాను. సాయంత్రమే ఎందుకంటే, పొద్దుటికంటే అప్పుడు పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. మడమ గోడకి ఆనించి, బరువంతా మోపి నిలబడితే మా ఆవిడ పెన్సిల్ నిటారుగా పట్టుకుని చుట్టూ గీత గీసింది. కుడిపాదం పొడవు 258 మిల్లీమీటర్లు, ఎడమది 254. వేళ్ల మొదట్లో వెడల్పు మాత్రం 107! తర్వాత బూట్ల లోపలి అట్ట బయటికి తీసి దానిమీద నిలబడ్డాను. పొడవు సరిపోయింది కానీ, చిటికెన వేలు అట్ట దాటి బయటికొచ్చింది. రహస్యమంతా అక్కడే ఉంది. నంబరు చెప్పేది పొడవు గురించే, వెడల్పు ఊసు దానికి పట్టదు.

ఇది నా ఒక్కడి పాదం సంగతి కాదు. మన హబ్సిగూడలోని ఎన్‌జీఆర్‌ఐ, సీసీఎంబీలకి సోదర సంస్థ ఒకటి చెన్నైలో ఉంది. అదే కేంద్ర తోళ్ల పరిశోధన సంస్థ. 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి వరకూ వాళ్లు దేశంలో 79 చోట్ల లక్షమందికి పైగా జనం పాదాలు కొలిచారు. యూరప్, అమెరికా వాళ్లకంటే మన పాదాలు వెడల్పని తేలింది. అందుకే 'భా' పేరుతో మనకంటూ వేరే కొలతలు ప్రతిపాదించారు. చిన్నప్పుడు చెప్పుల్లేకుండా తిరిగిన పాదాలు విచ్చుకుని పెరగడంలో వింతేముంది!

తోలు చెప్పులైతే నాలుగు రోజులకి సాగి కాలికి లొంగుతాయి. కార్బన్ సోలు లొంగదు. అది వంగకపోవడం వల్ల బలం వృథా కాదన్నది నిజమే. కానీ 2003లో వెలువడిన ఓ అధ్యయనంలో ప్లాస్టిక్ సోలుకంటే కార్బన్ సోలుతో అరికాలి మీద గరిష్ఠ ఒత్తిడి 18 శాతం ఎక్కువని తేలింది. పందేలు గెలిచేవాళ్లకి ఆ గట్టిదనం కావాలేమో. షుగరు తగ్గించుకోవడానికి తొక్కే నాకెందుకు?

మరి అల్లుడు ప్రేమగా పంపినవి కాదనడం ఎలా? రెండు రోజులు తటపటాయించి, మూడోనాడు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అవతల కాసేపు మౌనం. 'నాకూ అరికాలు మండుతుంది మామయ్యగారూ. రేసింగ్ బూట్లంటే అంతేలే అని సరిపెట్టుకుంటున్నా' అన్నాడు. ఆ రాత్రి అతనూ కాగితం మీద నిలబడి గీత గీసుకుని ఫొటో పంపాడు. అతనిదీ మన పాదమే మరి!

ఆ బూట్లు మా బృందంలో సన్నపాదాల కుర్రాడికి అతికినట్టు సరిపోయాయి. నేను కాగితం జేబులో పెట్టుకుని దుకాణానికెళ్లాను. షిమానో, లేక్ లాంటి కంపెనీలు కొన్ని రకాల్లో వెడల్పు బూట్లు కూడా చేస్తాయి. రోజూ వేసుకునే సాక్సుతోనే తొడిగి పది నిమిషాలు కూర్చున్నాను, నిలబడ్డాను. మడమ లేవకూడదు, వేళ్లు కదలాలి, పక్కలు నొక్కకూడదు. పట్టీలు బిగించి కట్టితే తప్ప నిలవకపోయినా, వదులు చేస్తే తప్ప ఊపిరాడకపోయినా ఆ బూట్లు మనవి కావు. రెండు పాదాల్లో పెద్దదాన్ని బట్టే సైజు చూసుకోవాలి. 'వాడగా వాడగా అదే సర్దుకుంటుంది' అంటే నమ్మకండి.

చివరికి నైలాన్ సోలున్న జత తీసుకున్నాను. క్లీటు సోలు లోపలికి ఒదిగి ఉండే రకం. మూడు స్క్రూల క్లీటుతో టీకొట్టు ముందు బాతులా నడవాలి, టైల్స్ మీద జారతాం. దీంతో ఆ బెడద లేదు. సిగ్నళ్ల దగ్గర పదిసార్లు కాలు కింద పెట్టే మన రోడ్లకి ఇదే మేలు. బిగించేటప్పుడు క్లీటుని వేళ్ల మొదట్లోని ఉబ్బెత్తు భాగం కిందికి, ఆ తర్వాత ఓ పిసరు వెనక్కి జరిపించాను. తిమ్మిరి మళ్లీ రాలేదు.

మా ఇంట్లో ఓ కొత్త నియమం మాత్రం వచ్చింది. సైకిల్ దిగి రాగానే సాక్సులు విప్పి రెండు అరికాళ్లూ లైటు కింద చూపించాలి. ఎర్రమచ్చ, బొబ్బ, గీత ఏవీ లేవని మా ఆవిడకి నమ్మకం కుదిరాకే కాఫీ. అదీ చక్కెర లేకుండా!