తాతమ్మ కడియం

సూపర్ హీరో సినిమా వచ్చిన ప్రతిసారీ దుస్తుల రంగు మారిందనీ, ఫలానా విలన్‌ను ఎగరగొట్టేశారనీ కామిక్స్ అభిమానులు గొడవ పడుతుంటారు. చాలామటుకు పట్టించుకోనక్కర్లేని తేడాలే. కానీ ఒక్కోసారి కథ ఏ ప్రశ్న కోసం పుట్టిందో ఆ ప్రశ్నే మారిపోతుంది. అమెరికాలో పిల్లల్ని పెంచే మనబోటివాళ్లు ఆలోచించాల్సిన ఉదాహరణ 'మిస్ మార్వెల్' కమలా ఖాన్. జెర్సీ సిటీలో పాకిస్తానీ తల్లిదండ్రుల దగ్గర పెరిగే ఈ పదహారేళ్ల పిల్లతో 2014లో జి. విల్లో విల్సన్ కామిక్ మొదలుపెట్టింది; బొమ్మలు ఏడ్రియన్ అల్ఫోనావి. ఊరిని కమ్మిన వింత పొగమంచు కమలలో దాగిన శక్తిని లేపుతుంది. ఒళ్లు సాగుతుంది, ఆకారం మారుతుంది. ఆ శక్తి ఆమెను మొట్టమొదట మార్చింది ఎవరిగా అంటే, తను ఆరాధించే సూపర్ హీరో కెప్టెన్ మార్వెల్, అంటే బంగారు జుట్టు కారల్ డాన్వర్స్‌గా! వలస ఇంటి పిల్ల పైకి చెప్పుకోలేని కోరికకు ఇంత నిర్మొహమాటంగా రూపం కట్టిన కామిక్‌ను నేను వేరే చూడలేదు. ఆ అరువు రూపంలో ఇమడలేక, చివరికి సొంత మొహంతో, ఒళ్లంతా కప్పే ఈతబట్ట అయిన బుర్కినీతో చేసుకున్న దుస్తుల్లో బయటికి రావడమే అసలు కథ.

తెర మీదికి వచ్చేసరికి, 2022 నాటి 'మిస్ మార్వెల్' టీవీ సిరీస్‌లో గానీ, మరుసటి ఏడాది 'ది మార్వెల్స్' సినిమాలో గానీ కమల ఒళ్లు సాగదు. కరాచీ నుంచి అమ్మమ్మ పంపిన సామానులో తాతమ్మ కడియం దొరుకుతుంది. అది తొడుక్కోగానే వెలుగు గట్టిపడి ఆమె చెప్పినట్టు వింటుంది. శక్తి తనలోనే ఉందనీ, కడియం తట్టి లేపిందంతేననీ తర్వాత చెబుతారు గానీ, అప్పటికే కథ వారసత్వం వైపు తిరిగిపోయింది. ఎవరిలా ఉండాలని కామిక్ అడిగితే, ఎవరి బిడ్డనని తెర అడుగుతుంది. రెండోది పెద్దవాళ్లకు ఇష్టమైన ప్రశ్న. మన సంఘాల వేదికల మీదా, మనబడి తెలుగు తరగతుల్లోనూ మనం పిల్లలకు నేర్పే జవాబు దానికే. పిల్లల్ని లోపల తొలిచేది మాత్రం మొదటిది.

సాగే చేతులు కాగితం మీద నవ్వు తెప్పిస్తాయి, నిజమైన నటి ఒంటి మీద వికారంగా ఉంటాయి అంటే ఒప్పుకుంటాను. అయితే వెలుగునే ఉంచి కూడా ఆమెకు ఒక్కపూట పరాయి మొహం ఇవ్వొచ్చు. సిరీస్‌లోనూ కమల కెప్టెన్ మార్వెల్ వేషం వేస్తుంది కదా అనొచ్చు. వేషం విప్పితే పోతుంది. ఒళ్లే మారిపోతే ఆ భయం వేరు. ఇంకా బరువైన వాదన సిరీస్‌లో వచ్చే 1947 దేశ విభజన గురించి. కరాచీ రైలు కోసం ప్లాట్‌ఫారం మీద తొక్కిసలాడే జనాన్ని అమెరికన్ సూపర్ హీరో కథలో చూపించడం చిన్న సాహసం కాదు, సిరీస్‌లో నాకు అన్నిటికన్నా నచ్చిన ఘట్టమూ అదే. కాకపోతే అక్కడ కథ తాతమ్మది, అమ్మమ్మది. కమల దాన్ని మోసుకొచ్చే మనిషిగా మిగులుతుంది.

కామిక్స్ మాత్రం మారవా అంటే, భేషుగ్గా మారతాయి. సిరీస్ చివర కమల జన్యువుల్లో ఏదో మార్పు ఉందన్నారు. దానికి తగ్గట్టే 2023లో కామిక్‌లో ఆమెను చంపి, మ్యూటెంట్‌గా మళ్లీ బతికించారు. ఆ కొత్త కామిక్ రాసిన ఇద్దరిలో ఒకరు, తెర మీద కమలగా నటించిన ఇమాన్ వెల్లానీ.