హవాయి దీవుల పురుగుల పట్టిక

పట్టికలన్న మనలో ననేకులకు విసుగు. అంగడి చిట్టా, పాఠశాల హాజరు పుస్తకము, కరణముగారి అడంగలు, ఇవి యన్నియు అవసరము కలిగినపుడు తెరవబడునవే కాని ఆనందమునకై చదువబడునవి కావు. అట్టి పట్టిక నొకదానిని మేము రెండు వేసవి సెలవులు వెచ్చించి చదివితిమని చెప్పగా మా మిత్రులు నవ్విరి. అది పురుగుల పట్టిక. ఆ పురుగులును మన దేశమువి కావు, పసిఫిక్ మహాసముద్ర మధ్యమున నున్న హవాయి దీవులవి. అయినను ఆ చదువువలన మాకు గలిగిన లాభమును మా విద్యార్థులతోడను వారి తల్లిదండ్రులతోడను పంచుకొనుట మంచిదని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ముందుగా ఈ పురుగులెట్టివో చెప్పవలయును. ఆకును కొరికి తినునవి వేరు, రసమును పీల్చునవి వేరు. గొంగళిపురుగు కొరికిన చోటు మన కంటికి కనబడును. రసము పీల్చు పురుగునకో, కొరుకు దవడలకు బదులుగా సూదికంటె సన్ననైన ముక్కు గలదు. దానిని లేత కాడలో గ్రుచ్చి, చెట్టు తనలో నడుపుకొను రసమును చడిచప్పుడు లేక త్రాగును. ఆ రసమున చక్కెర హెచ్చు, దేహమును పెంచు నత్రజని తక్కువ. కావున పురుగు తనకు వలసిన కొలదిపాటి సత్తువకై మిక్కిలిగా త్రాగి, మిగిలిన తీపిని జిగురుగా విడిచివేయును. ఆకులపై మెరయు తేనెబంక యిదియే. దానికై చీమలు చేరును. దానిపై మసివంటి నల్లని బూజు పెరుగును. మన రైతులు పేనుబంక, పచ్చదోమ, తెల్లదోమ, పిండినల్లి, సుడిదోమ యని పిలుచునవన్నియు ఈ వంశమువే. దోమలని పేరేకాని యివి మనుష్యులను కుట్టునవి కావు. మన కొయ్యబొమ్మలకు మెరుగు నిచ్చు లక్కను కట్టు పురుగుకూడ వీనికి చుట్టమే. చేటు చేయునదియు, మేలు చేయునదియు ఒకే వంశమున పుట్టుచున్నవని దీనివలన తెలియును. ఈ సంగతి ముందు పనికివచ్చును గనుక చదువరులు జ్ఞప్తియందుంచుకొందురుగాక.

ఇక ఆ దీవుల మాట. హవాయి దీవులు అగ్నిపర్వతములు సముద్రగర్భమునుండి పైకి పెరుగుటచే నేర్పడినవి. అమెరికా తీరమునకు అవి సుమారు 3,800 కిలోమీటర్ల దూరమున నున్నవి. ఏ ఖండముతోడను ఎన్నడును కలిసియుండలేదు. కావున అచ్చటి ప్రతి పురుగు యొక్క పూర్వులును గాలికి కొట్టుకొనివచ్చియో, తేలుచున్న మ్రానిని పట్టుకొనియో, పక్షి యీకల నంటుకొనియో, లేక మనుష్యుని సామానులతోనో చేరియుండవలయును. లక్షల యేండ్లలో అట్లు చేరి బ్రతికినవి కొలదియే. ఆ కొలదియు దీవిదీవికి, లోయలోయకు, చెట్టుచెట్టునకు వేర్వేరు జాతులుగా చీలిపోయినవి. మన సుడిదోమ చేరిన డెల్ఫాసిడే యను కుటుంబమునందు, ఆ దీవులలో తప్ప మఱెచ్చటను లేని జాతులు నూటికి మించి యున్నవి. వింత యేమనగా, మన పెరటిలో ఏ చిక్కుడుతీగను చూచినను కనబడు పేనుబంక అచ్చటి స్వదేశి కాదు; చీమయు కాదు. నేడచ్చట నున్న పేనుబంకలు, చీమలు అన్నియు పరదేశములనుండి వచ్చినవే.

ఎవరు స్వదేశులో, ఎవరు పరదేశులో తెలిసికొనుటకు పట్టిక కావలసివచ్చినది. 1892లో ఇంగ్లండునందలి రాయల్ సొసైటీయు, బ్రిటిష్ అసోసియేషనును కూడి, ఆర్. సి. ఎల్. పెర్కిన్సు అను 25 ఏండ్ల యువకుని ఆ దీవులకు పంపినవి. అతడు చాలకాలము పర్వతారణ్యములలో, ఎడతెగని వానలలో, ఒంటరిగా డేరా వేసికొని పురుగులను సేకరించెను. ఆ సేకరణము డేవిడ్ షార్పు సంపాదకత్వమున 1899 మొదలు 1913 వఱకు గ్రంథరూపమున వెలువడినది. తరువాత ఎల్వుడ్ జిమ్మర్‌మన్ అను శాస్త్రజ్ఞుడు ఈ పనిని చేపట్టి, 1948లో హవాయి కీటకములను గూర్చిన తొలి యైదు సంపుటములను ప్రకటించెను. అందు నాలుగవదియు ఐదవదియు మేము చెప్పుచున్న దోమలకు, పేనుబంకలకు, పిండినల్లులకు సంబంధించినవి. మేము సెలవులలో చదివినవి యవియే.

ఈ పని యెట్లు చేయుదురో వినుడు. కొమ్మక్రింద తెల్లని గుడ్డను పట్టి, కొమ్మను కఱ్ఱతో కొట్టుదురు. రాలిన పురుగులను గాజుగొట్టముతో పీల్చి సీసాలోనికి చేర్తురు. పిండినల్లివంటి మెత్తని దానిని క్షారజలమున నుంచి, లోపలి మెత్తదనమును తొలగించి, గాజు పలకపై పఱచి సూక్ష్మదర్శినితో చూతురు. ప్రతి పురుగుతోడను చిన్న చీటీ యొకటి యుండవలయును. దొరికిన దీవి, స్థలము, ఎత్తు, తేదీ, పట్టినవాని పేరు, అన్నిటికన్నను ముఖ్యముగా అది కూర్చుండిన చెట్టు పేరు దానిపై వ్రాయుదురు. ఏలయన, రసము పీల్చు పురుగులలో పెక్కింటికి చెట్టే యూరును పేరును. చీటీ లేని పురుగు చిరునామా లేని జాబువంటిది.

ఇంత శ్రమ యెందులకని యడుగువారికి చెరకు కథయే యుత్తరము. 1900 ప్రాంతమున హవాయి చెరకు తోటలలో చిన్న దోమ యొకటి కనబడినది. మూడు నాలుగేండ్లలో అది దీవులన్నిట వ్యాపించి చెరకును ఎండజేసెను. ఒక తోటలో దిగుబడి పదియవ వంతునకును తక్కువకు పడిపోయెను. దీవుల ఐశ్వర్యమంతయు ఆనాడు చెరకుపై నిలిచియుండెను. అడవులలో ఈ దోమకు దాయాదులు నూటికి మించియుండగా, వానిలో నొకటి చెరకునకు మరగినదా, లేక ఇది క్రొత్తగా ఓడ దిగినదా? దీని కుత్తరము తెలియనిదే మందు వెదకుట యెట్లు? 1903లో కిర్కాల్డీ యను శాస్త్రజ్ఞుడు దానిని పరీక్షించి, పెర్కిన్సు పేరు కలిపి, చెరకును చంపునదను నర్థము వచ్చునట్లు పెర్కిన్సియెల్లా సాకరిసైడా యని నామకరణము చేసెను. అది స్వదేశి కాదు. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండునందు నున్నట్టిదే. ఆడదోమ తన గ్రుడ్లను ఆకు ఈనెలోపల దాచును. నాటుటకు తెచ్చిన చెరకు ముచ్చెలతో, ఎవరి కంటను పడక, ఆ గ్రుడ్లు సముద్రము దాటినవని తలచిరి.

పేరు తెలిసినది గనుక పుట్టినిల్లు తెలిసినది. పుట్టినింట నది యింత చేటు చేయకుండుటకు కారణమేమని వెదకుచు, 1904లో కోబెలేయు పెర్కిన్సును ఆస్ట్రేలియాకు పోయి, దోమ గ్రుడ్లలో పెరుగు మిక్కిలి చిన్న కందిరీగ జాతులను తెచ్చిరి. చేటు తగ్గెను కాని పూర్తిగా పోలేదు. 1920లో ఫ్రెడరిక్ మ్యూర్ అను నాతడు క్వీన్స్‌లాండు చెరకు తోటలలో ఒక చిన్న నల్లిని గమనించెను. అది చేరిన మిరిడ్ కుటుంబమున హెచ్చు భాగము మొక్కల రసము త్రాగునవే. వంశమును మాత్రమే చూచిన, దానిని చెరకునకు మఱియొక శత్రువనియే యెంచవలసియుండెను. మ్యూర్ ఓపికతో కనిపెట్టి చూడగా, అది చెరకు రసమును ముట్టక, ఈనెలో దాగిన దోమ గ్రుడ్లలోనికి ముక్కు గ్రుచ్చి వానిని పీల్చివేయుచుండెను. ఆ నల్లిని క్వీన్స్‌లాండునుండియు, ఫిజీనుండియు తెచ్చి విడిచిరి. 1903 మొదలు మదరాసు రేవునుండి మన తెలుగు కూలీలు ఓడలెక్కి పోయి చెరకు తోటలలో చెమటోడ్చిన ఫిజీ యిదియే. కొలది సంవత్సరములలో హవాయి చెరకునకు దోమ భయము తీరినది. ఆ దీవులలోని కడపటి పెద్ద చెరకు తోట 2016లో మూతపడినది; కాని ఆ నల్లి నేర్పిన పాఠము మూతపడలేదు.

ఇచ్చట మా యింటి ముచ్చట యొకటి చెప్పుట యవసరము. మా బాల్యమున గోదావరి డెల్టాలోని మా పొలమునకు సుడిదోమ వచ్చెను. వరి దుబ్బు మొదట, నీటికి జానెడు పైని, అది గుంపులుగా చేరి రసము పీల్చును. చేను సుడులు సుడులుగా పసుపుబారి, పిదప నిప్పంటినట్లు మాడిపోవును. మా తండ్రిగారు అప్పు తెచ్చి, అంగడివాడిచ్చిన మందును ఒకటికి మూడుమారులు కొట్టించిరి. దోమ మఱింత పెచ్చుపెరిగెను. ఆ యేడు మా యింటికి గింజ రాలేదు. మా అక్కగారి పెండ్లి నిలిచిపోయెను.

హవాయి సంపుటములను చదువుచు మేము ఆ సంగతిని మఱల తలపోసితిమి. మన వరి దుబ్బులలోకూడ దోమ గ్రుడ్లను పీల్చు పచ్చని మిరిడ్ నల్లి యున్నది. మ్యూర్ తెచ్చిన నల్లికి అది దగ్గఱి చుట్టము. రెంటిని శాస్త్రజ్ఞులు ఒకప్పుడు సిర్టోరైనస్ అను నొకే యింటిపేరుతో పిలిచిరి. మందు కొట్టినపుడు నల్లి చచ్చును. ఈనెలో దాగిన దోమ గ్రుడ్లు బ్రతుకును. కాపరి లేని చేనిలో దోమ యథేచ్ఛగా పెరుగును. ఈ కారణముచేతనే 1986లో ఇండొనీషియా ప్రభుత్వము వరిపై 57 రకముల పురుగుమందుల వాడకమును నిషేధించినది. ఈ మాట మేము వృద్ధులైన మా తండ్రిగారికి విన్నవింపగా, వారు కొంతసేపు మాటాడక, “అబ్బాయీ, దుబ్బులో ఇద్దరుండిరన్నమాట. అందులో మనవాడెవడో ఆనాడు చెప్పినవారు లేకపోయిరి” అనిరి. పట్టికలను గూర్చి ఇంతకన్న గొప్ప మాటను మేము వినలేదు.

పట్టికవలన పంటకే కాక, ఆ పురుగులకును న్యాయము జరుగును. హవాయి దీవులలో లావా చల్లారి యేర్పడిన గుహలు గలవు. ఆ చీకటిలోనికి ఓహియా చెట్ల వేళ్లు దిగి వ్రేలాడుచుండును. ఆ వేళ్ల రసము త్రాగి బ్రతుకు ఒలియారస్ పాలిఫెమస్ అను పురుగునకు కన్నులు లేవు, రంగు లేదు. వేరును కంపింపజేసి అది తన జతను పిలుచుకొనును. 1973లో దానికి పేరు పెట్టిరి. పైనున్న అడవిని నరికిన, క్రింద దాని యన్నము పోవును. మఱియొకటి, మన తుత్తురుబెండకు చుట్టమైన మొక్కపై ఓఆహు దీవిలో బ్రతికిన క్లావికాకస్ అను పిండినల్లి, అంతరించిన వాని జాబితాలో చేరినది. పట్టికలో నెక్కియుండబట్టి అది పోయినదని మనకు తెలిసినది. పేరు పెట్టకముందే పోయినవానికి ఆ పాటి జ్ఞాపకముకూడ లేదు.

విద్యార్థులారా! మీరు హవాయికి పోనక్కఱలేదు. మన పాఠశాల తోటలోని బెండమొక్క ఆకును తిప్పి చూడుడు. కనబడినదానిని చంపుటకు ముందు ఒక్క దినము కనిపెట్టి యుండుడు. అది ఆకును పీల్చుచున్నదా, ఆకును పీల్చుదానిని పీల్చుచున్నదా? తేదీ, మొక్క, స్థలము, చేయుచున్న పని, ఈ నాలుగింటిని పుస్తకమున వ్రాసికొనుడు. సేద్యము చేయు తండ్రులున్నవారు ఆ పుస్తకమును ఇంటికి కొనిపోయి చదివి వినిపింపుడు. మీ యింటి దుబ్బులో నున్న ఇద్దరిలో తమవాడెవడో వారికి చెప్పగలవారు మీరే కావలయునని మా కోరిక.