ఒక్క చేలో నాలుగు పంటలు

గుంటూరులో బస్సెక్కి సత్తెనపల్లి వైపు వెళ్ళేవాళ్ళకి వేరే చెప్పనక్కరలేదు. పేరేచర్ల దాటాక కిటికీలోంచి చూస్తే అయితే మిరపచేను, కాకపోతే ప్రత్తిచేను. నల్లరేగడి నేల. వానపడితే చెప్పు ఊడబీకుతుంది, ఎండకాస్తే చెయ్యి దూరేంత నెర్రె విచ్చుతుంది. 2022 అక్టోబరులో, దసరా వెళ్ళిన వారానికి, అక్కయ్యని చూద్దామని ఆ దారిన బయల్దేరాను. ఆ యేడే ఏప్రిల్‌లో ఆ ప్రాంతమంతా పల్నాడు జిల్లా అయింది. ఊరు మాత్రం పాత ఊరే.

బావకి సొంతం ఎకరం, కౌలుకి నాలుగెకరాలు. అయిదూ ప్రత్తి వేశాడు. కౌలు సంక్రాంతికి కట్టాలి. ఈ ముక్క అక్కయ్య నాకు కాఫీ ఇస్తూ రెండుసార్లు చెప్పింది. ఒక్కసారి చెపితే చాలు, నాకర్థమవుతుంది. రెండోసారి చెప్పిందంటే లోపల భయం వున్నదన్నమాట.

సాయంత్రం బావా, నేనూ, మా అత్తయ్యా చేనికి వెళ్ళాం. అత్తయ్యంటే బావగారి తల్లి. డెబ్భై దాటినా గట్టుమీద మాకంటే ముందు నడుస్తుంది.

తూము దగ్గర నిలబడి చూసేసరికి నాకు కళ్ళు తిరిగాయి. చెట్టు నా గెడ్డం దాకా వుంది. నలుపు తిరిగిన పచ్చదనం. ఆకు అరచేతిని మించి వెడల్పు. సాలుకీ సాలుకీ మధ్య మనిషి దూరే సందులేదు.

“అబ్బ! ఏం చేను బావా! జిల్లాలో ఇట్లాంటిది వుండదు,” అన్నాను.

బావ మీసం మీద చెయ్యివేశాడు. అత్తయ్య వెనక్కి తిరగకుండానే అంది: “చేనేంది నాయనా, అడవి. మీ బావ ఈసారి ఆకు కోసి అమ్ముతాడంట.”

నేను నవ్వాను. బావ నవ్వలేదు.

ప్రత్తిని ఈ పక్క వాళ్ళు మొక్క అనరు, చెట్టు అంటారు. ఆ మాటలో నిజం వుంది. పుట్టుకతో అది ఏళ్ళ తరబడి బతికే జాతి. మన అవసరం కొద్దీ దాన్ని ఆరేడు నెలల పైరు చేసుకున్నాం. కాని పాత బుద్ధి పోలేదు. నీరూ, నత్రజనీ దండిగా దొరికితే “ఇంకా చాలా రోజులు బతకొచ్చు, కాయలకేం తొందర?” అనుకుంటుంది కాబోలు. కొమ్మ మీద కొమ్మ వేస్తుంది, ఆకు మీద ఆకు పరుస్తుంది. మూడు రెక్కల దొప్పలో దాక్కునే మొగ్గని గూడ అంటారు. పై ఆకుల నీడలో గూడలు ఎండ సోకక రాలిపోతాయి. కాయలు నిలబడితే వాటి బరువుకే చెట్టు ఎదుగుదల తగ్గించుకుంటుంది. అవి రాలిపోతే పగ్గం తెగిన గిత్తే. ఇంకా పైకి పోతుంది.

అత్తయ్య ఒక చెట్టు వంచి నా చేత కాయలు లెక్కపెట్టించింది. పదకొండు. వాటిలో అడుగున వున్న రెండు మగ్గి నల్లబడ్డాయి. నేలమీద రాలిన గూడలు గుప్పెడు ఏరి బావకి కాదు, నాకు చూపించింది. కొడుకుని ఎదురుగా అనడం ఇష్టంలేక చుట్టాన్ని అడ్డం పెట్టుకోవడం పెద్దవాళ్ళకి బాగా తెలుసు.

అక్కణ్ణుంచి పల్లానికి నడిచాం. అదీ ఇదే విత్తనం, ఇదే రోజు పెట్టారు. చెట్టు మోకాలెత్తు మించలేదు. ఆకు పసుపు. ఆ మూల కాలువనీళ్ళూ వాననీళ్ళూ కలిసి వారం రోజులు నిలబడ్డాయిట. పాలిపోయింది గదా, బలం చాలలేదని బావ అక్కడ చెట్టుకో పిడికెడు యూరియా అదనంగా వేశాడు.

నిజానికి ఆ చెట్టు ఆకలితో లేదు, ఊపిరాడక వుంది. నీళ్ళు నిలిచిన రేగడిలో వేళ్ళకి గాలి అందదు. గాలి అందని వేరు ఎదురుగా వున్న ఎరువునైనా తీసుకోలేదు. వేసిన నత్రజనిలో కొంత నీళ్ళతోపాటు కిందికి పోతుంది, కొంత వాయువై ఆకాశానికి పోతుంది. జ్వరంతో మూలిగేవాడికి గారెలు పెట్టినట్టు.

ఇక మిట్ట. చేనికి ఆ చివర కొద్దిగా ఎత్తు. కాలువనీరు దానంతట అది ఎక్కదు. చెట్టు నడుము పైకి వుంది, అంతే. ఆకు మామూలు పచ్చ. బావ ఆ భాగాన్ని చూపించడానికే సిగ్గుపడ్డాడు. నేను వంగి లెక్కపెట్టాను. ముప్ఫైనాలుగు కాయలు! తెల్లపూలు ఆ రోజువి, గులాబీ రంగు తిరిగినవి నిన్నటివి, అన్నీ కొమ్మకొమ్మకీ వరసగా వున్నాయి. ఇక్కడ నీరు పొదుపుగా అందింది కాబట్టి వేసిన ఎరువు చెట్టుకి పనికొచ్చేంతే పనికొచ్చింది.

అలాగని ఎండగట్టడం మంచిదని ఎవరూ అనుకోకూడదు. గట్టవతల మెట్టచేను ఒకటి వుంది. దానికి కాలువే లేదు. పూతకొచ్చిన వేళ బెట్ట తగిలిందిట. పొడినేల మీద చల్లిన యూరియా పలుకులు కరిగి వేరుకి చేరేలోపలే కొంత ఘాటై గాలిలో కలిసిపోయింది. ఆ చెట్లు ముందుగా కాసి ముందుగా ఆగిపోయాయి. ఆ రైతు కన్నీళ్ళు వేరే. నీరు లేక నత్రజని దండగ, నత్రజని లేక నీరు దండగ, రెండూ మితిమీరితే చేనే దండగ. తూము, పల్లం, మిట్ట, మెట్ట: ఒక్క గట్టు చుట్టూ తిరిగేసరికి నాలుగు పంటలు చూశాను.

రాత్రి భోజనాలయ్యాక అసలు గొడవ మొదలైంది. వరండాలో యూరియా బస్తాలు అయిదు వున్నాయి. మర్నాడు కాలువ వంతు. తడిపెట్టి ఎకరానికి ఒకటి చొప్పున వేద్దామని బావ ఉద్దేశం. అప్పటికే ఎకరానికి నాలుగు వేశాడు. బస్తా 45 కిలోలు, అందులో నత్రజని నూటికి 46 వంతులు, అంటే ఇరవై కిలోలపైన. హైబ్రిడ్ ప్రత్తికి ఎకరానికి 60 కిలోల నత్రజని చాలుననీ, దాన్ని ఇరవయ్యో రోజునుంచి ఎనభయ్యో రోజు దాకా నాలుగు విడతలుగా వెయ్యాలనీ మన వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్ళు చెపుతారు. అంటే మూడు బస్తాల పని. చేనుకి అప్పటికే తొంభై రోజులు.

“ఎక్కువైతే నష్టమేంది? తక్కువైతేగా భయం,” అన్నాడు బావ. అతన్నీ తప్పుపట్టలేం. మిగతా ఎరువులు కొనబోతే చెయ్యి కాలుతోంది. యూరియా బస్తా మాత్రం 266 రూపాయల యాభై పైసలు. చవకగా వున్నదాన్ని మనిషి లెక్కపెట్టి వాడడు. పైగా వేసిన మూడోనాటికి చేను నల్లబడి కనిపిస్తుంది. అప్పుచేసినవాడికి ఆ నలుపు ధైర్యం.

అత్తయ్య అప్పుడు 1985 ప్రాంతం సంగతి తీసింది. 1967 ఆగస్టులో సాగరు కాలువలకి నీళ్ళు వదిలాక ఈ పక్క ప్రత్తి ఎలా పెరిగిందో, ఎరువూ మందూ ఎలా పోటీపడి వేశారో చెప్పింది. తర్వాత తెల్లదోమ. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో చేలకి చేలు మసిపూసినట్టయ్యాయి. పురుగుకని కొట్టిన మందులే దోమని తినే పురుగుల్ని చంపేశాయి. నత్రజని ఎక్కువైన లేత ఆకు, దట్టమైన నీడ దోమకి పుట్టిల్లు.

“మీ మామయ్య చేనుకూడా ఇట్టాగే నల్లగా వుండేది. ఊరంతా వచ్చి చూసిపోయారు,” అంది. తర్వాత ఏమయిందో చెప్పలేదు. అక్కయ్య లేచి లోపలికి వెళ్ళిపోయింది. తూము దగ్గర నేనూ అలాగే మెచ్చుకున్నాను గదా, తలెత్తలేకపోయాను.

బావ చాలాసేపు మాట్లాడలేదు. పన్నెండింటికి కాబోలు, టార్చి తీసుకుని ఒక్కడే చేలోకి వెళ్ళి వచ్చాడు. ఎన్ని చెట్లు లెక్కపెట్టాడో నాకు చెప్పలేదు, నేనడగలేదు.

పొద్దున తూము దగ్గర భాగానికి నీళ్ళు కట్టెయ్యమన్నాడు. మధ్య భాగానికి సాలు విడిచి సాలు తడిపాడు. పల్లంలో గట్టు తెగ్గొట్టి మురుగుకాలువలోకి దారి తీశాం. నేనూ పార పట్టాను, అరచేతులు బొబ్బలెక్కాయి. మిట్టకి ఆయిలింజను అద్దెకి తెచ్చి పైపులతో ఒక్క తడి ఇచ్చాడు. కాయ ఊరే రోజుల్లో చెట్టుకి నీటి అవసరం ఎక్కువ. అంత కాపు మీద వున్నదాన్ని ఎండనిస్తే పాపం. తూము దగ్గర చెట్లకి కూలీల చేత తలలు తుంచించాడు. బస్తాలు వరండాలోనే వున్నాయి.

సంక్రాంతికి మళ్ళీ వెళ్ళాను. మిట్టమీద రెండు తీతలు అయిపోయాయి. మూడోదానికి కాయలు విచ్చుతున్నాయి. మధ్య భాగం ఫరవాలేదు. తూము దగ్గర ఇంకా పచ్చికాయ వుంది. ఆలస్యమైన కాయలో గులాబీ పురుగు చేరి గింజ తినేసింది, దూది పసుపుపట్టింది. బీటీ విత్తనం మన దేశానికి 2002లో వచ్చినప్పుడు ఆ పురుగు పీడ విరగడైందనుకున్నారు. అది మళ్ళీ తిరిగొచ్చింది. పల్లంలో చెట్లు సగం చచ్చి, సగం చిగిర్చాయి. వాటిమీద ఆశ వదులుకున్నారు.

“కౌలు ముట్టింది. వడ్డీవ్యాపారికి సగం ముట్టింది. మిగతా సగానికి బర్రెదూడని చూసిపోయాడు,” అంది అక్కయ్య. దూడని ఇవ్వనన్నాడుట బావ. ఆ వడ్డీ ఉగాదికి వాయిదా పడింది.

బావ నన్ను చేనికి రమ్మనలేదు. నేనే వెళ్ళాను. మిట్ట చివర నాలుగు కర్రలు పాతి, తాటిపగ్గంతో కొలతలు వేస్తున్నాడు. నన్ను చూసి, “ఎండాకాలంలో ఈ నేల చదును చేయిద్దామని. నీళ్ళన్నిచోట్లా ఒకేరకంగా పారాలిగా,” అన్నాడు.

ఇంటికి వచ్చేసరికి వరండాలో అత్తయ్య దూదిలో ఎండాకు ఏరుతోంది. కూర్చోవడానికి పీట లేదు కాబోలు, యూరియా బస్తా మీద కూర్చుంది.