పాట వచ్చింది, పేరేదీ?



మన ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం, తాళంతోపాటు రచయిత పేరు కూడా అచ్చువేస్తారు. శ్రీకాకుళం ప్రాంతంలో సేవ చేసిన పురుషోత్తమ చౌదరిగారి (1803–1890) కీర్తనలు నేటికీ ఉచితంగానే పాడుకుంటున్నాము. పేరు మాత్రం నిలిచింది.

ఇప్పుడు మా మూలపేట యౌవనస్థులు పాట కట్టి, ఫోనులో రికార్డు చేసి ఊరూరా పంపుతున్నారు. సంతోషమే. ఫోను సాతాను పెట్టె అనేవారితో నేను ఏకీభవించను. కాని పాట పలాస చేరేసరికి కట్టినవాని పేరు ఊడిపోతోంది!

ఉచితంగా ఇమ్మని మత్తయి 10:8 చూపిస్తాము. రెండు వచనాల తరువాత పనివాని ఆహారం సంగతి కూడా ప్రభువే సెలవిచ్చారు. ఆ పాటకు తబలా వాయించిన తమ్ముడు జీడి తోటల్లో కూలికి పోతున్నాడు. ఈ క్రిస్మసుకు అతనికి కానుక ఇద్దామని సంఘ పెద్దలను అడిగాను. ఇంకా తేల్చలేదు.