పైకప్పు మీద సన్నటి దారి

రైల్వే గేటు పడితే పెద్దలు విసుక్కుంటారు. పిల్లలు మాత్రం హుషారుగా గూడ్సు పెట్టెలు లెక్కపెడతారు. గేటు లేచాక ఇక ఆ పెట్టెల సంగతి ఎవరికీ పట్టదు. కానీ అమెరికాలో వాటి మీదే ప్రాణం పెట్టుకున్నవాళ్లు ఉన్నారు. ఒకప్పుడు నిజంగా పట్టాల మీద తిరిగిన పెట్టెను, అచ్చం అలాగే, చేతిలో ఇమిడేంత చేసుకోవడం వాళ్ల సరదా.

అక్కడ ఎక్కువమంది ఇష్టపడేది హెచ్ఓ స్కేలు. అంటే అసలు పెట్టెలో 87వ వంతు. పుల్‌మన్-స్టాండర్డ్ కంపెనీ 1947లో తెచ్చిన నలభై అడుగుల 'పీఎస్-1' బాక్స్‌కారు ఈ లెక్కన సుమారు అయిదున్నర అంగుళాలకు కుదించుకుపోతుంది. తలుపు వెడల్పు, నిచ్చెన మెట్లు, రంగు, అంకెలు... అన్నీ పాత ఫొటోలూ డ్రాయింగులూ చూసి సరిపెట్టాల్సిందే. పసిఫిక్ ఫ్రూట్ ఎక్స్‌ప్రెస్ వారి పాత పెట్టె అయితే పైకప్పు మీద ఐసు దిమ్మలు వేసే మూతలు ఉండి తీరాలి. కాలిఫోర్నియా పండ్లు ఆ చల్లదనంతోనే తూర్పు నగరాలకు చేరేవి మరి!

ఇంత చాదస్తం దేనికీ అనిపిస్తుంది. పెట్టె పైకప్పు చూస్తే జవాబు దొరుకుతుంది. మధ్యలో ఈ కొస నుంచి ఆ కొసకు సన్నటి నడకదారి. ఇంజిన్ నుంచే రైలంతటికీ బ్రేకు వేసే ఏర్పాటు రాకముందు, బ్రేక్‌మన్ వానైనా మంచైనా కదిలే రైలు మీద ఆ దారినే నడుస్తూ పెట్టె పెట్టెకూ చేతిబ్రేకు తిప్పేవాడు. కాలు జారితే అంతే! పెట్టెలు తగిలించేటప్పుడు వేళ్లు నలిగిపోయినవాళ్లెందరో. 1893లో వచ్చిన చట్టం ఎయిర్ బ్రేకుల్నీ, వాటంతటవే తగులుకునే కప్లింగుల్నీ తప్పనిసరి చేసింది. అయినా నడకదారి ఇంకా చాలాకాలం మిగిలింది. 1966 నుంచి కొత్త బాక్స్‌కార్లకు అది లేదు.

అందుకే 1950 నాటి పెట్టె నమూనాకు నడకదారి లేకపోతే తెలిసినవాళ్లు ఊరుకోరు. అది ఒట్టి అలంకారం కాదు, ఒక మనిషి ప్రాణాలకు తెగించి నడిచిన చోటు.

అసలు పెట్టెల్లో చాలావాటిని ఎప్పుడో తుక్కు కింద కరిగించేశారు. గొప్పవాళ్లు ఎక్కిన బోగీలను మ్యూజియాలు దాచుకుంటాయి. బస్తాలూ బొగ్గూ మోసిన పెట్టెలకు అంతటి భాగ్యం తక్కువ. ఆ కొరతను ఈ బుల్లి పెట్టెలు కొంచెమైనా తీరుస్తున్నాయి.